మూడో పలక మీద అరచెయ్యి

అరచెయ్యి.

ఐదు వేళ్ళూ విప్పిన అరచెయ్యి — మూడో పలక మీద, తుప్పురంగులో.

గోవిందస్వామిది. పలక రుద్దుతూ రుద్దుతూ దాని మీదే చెయ్యి ఆనించి ఒరిగిపోయాడు. బయట చిత్తూరంతా వాన. ఆ రోజు పలకను తుడిచి నూనె పూసేవాళ్ళు లేకపోయారు.

చెమటను ఇనుము మరిచిపోదు.

షెడ్డు ఇప్పుడు కూతురు లోకేశ్వరిది. పోత ఇనుప పలకలు చేస్తుంది. కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ళు వాటి మీద వజ్రపు పేస్టు పూసి ఉలులు నూరుకుంటారు. పలక నిలిచిన నీళ్ళలా ఉండాలి.

అమ్మకానికి వెళ్ళే ప్రతి పలకనూ నాయన వదిలివెళ్ళిన మూడు పలకల మీదే సరిచూడాలి. ఆ మూడింటినీ ఒకదానితో ఒకటి రుద్దుతూ ఉండాలి. ఒకటి రెండుతో, రెండు మూడుతో, మూడు మళ్ళీ ఒకటితో. రెండింటినే రుద్దితే ఒకటి ఉబ్బుతుంది, ఇంకొకటి దానికి తగ్గట్టు గుంటపడుతుంది. అతికినట్టు కూర్చుంటాయి. మధ్య వెలుగు కూడా దూరదు.

రెండూ వంకరే.

లోకేశ్వరి రెండింటినే రుద్దుతోంది. మూడోదాన్ని రుద్దితే ఆ చెయ్యి పోతుంది. కొత్తది పోయిస్తే... పచ్చి ఇనుము వంగుతుంది. ఏళ్ళ తరబడి మాగాలి.

బొమ్మలు చెక్కే ఏకాంబరం కొన్న పలకను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఏమ్మా, దీని మీద నూరితే నా ఉలి అంచు వంకరపోయి పళ్ళికిలిస్తా ఉండాది. మీ నాయన ఉన్నప్పుడు ఇట్ల నవ్వలేదే! ఇంకోతూరి ఇట్లయితే బార్డరు దాటి అరవోళ్ళ కాడనే కొనుక్కుంటా.”

అతను పోతే అందరూ పోతారు. షెడ్డు మూతే.

తల్లి శకుంతలమ్మ రోజూ పొద్దున వచ్చి ఆ గుర్తులో తన చెయ్యి పెడుతుంది.

“సూడు... ఇంకా వెచ్చంగా ఉండాది.”

తూర్పు కిటికీ ఎండమ్మా — అనలేదు లోకేశ్వరి.

“రుద్దేస్తావా?”

“రుద్దకుంటే ఎట్లమ్మా?”

తల్లి లోపలికి వెళ్ళిపోయింది.

లోకేశ్వరి రుద్దింది.

చిటికెనవేలు ముందు పోయింది. తర్వాత ఉంగరం వేలు. బూడిదరంగు బురదలో ఎర్రటి చార... బొటనవేలి మొదలు చాలాసేపు నిలిచింది. బరువంతా అక్కడే ఆనించి ఉంటాడు.

అదీ పోయింది.

మూడు పలకలూ ఒక్క మాట మీదకు వచ్చాయి. నూనె పూసింది. గుడ్డ కప్పింది.

మర్నాడు పొద్దున గుడ్డ తీసింది.

అరచెయ్యి.

ఐదు వేళ్ళూ విప్పి — లేత తుప్పురంగులో.

అమ్మదా? నిద్రలో నడిచొచ్చి లోకేశ్వరే పెట్టిందా? లేక...

గుమ్మంలో శకుంతలమ్మ, చేతులు కొంగులో దాచుకుని.

లోకేశ్వరి తన చెయ్యి చాచింది. గుర్తుకు పైన, అంటీ అంటకుండా ఆపింది.

ఎండ ఇంకా కిటికీ ఎక్కలేదు.

వెచ్చగా తగిలింది.