గోడలో నిమ్ము

ఆ గోడ తుడవడం నర్సుకి అది ముప్పయ్యోసారో, నలభయ్యోసారో. వారానికి ఒక్కరోజు సెలవు. బూజు కనపడ్డ వారం ఆ ఒక్కరోజూ పొద్దున్నే ముక్కుకి గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ నీళ్ళ బకెట్టు పట్టుకుని తోటికోడలి గదిలోకి వెళ్ళేది. బీరువా పక్క మూలలో, నేల నుంచి మోకాలెత్తు వరకూ, నల్లగా, ఆకుపచ్చగా చుక్కలు చుక్కలుగా బూజు. రుద్దితే పోయేది. గోడ తెల్లబడేది. మూడు వారాలు తిరక్కుండా మళ్ళీ అదే చోట, ఇంకాస్త ఎక్కువగా, పొమ్మన్నా పోని చుట్టంలా వచ్చి కూర్చునేది.

"నువ్వు బయటికి పోవే, ఈ ఘాటు నీకు పడదు," అనేది తోటికోడలితో.

ఆమె బయటికి పోయి, గుమ్మం అవతల నిలబడి దగ్గేది.

ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. నర్సు భర్త ఆరేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. ఆయన తమ్ముడు నిక్షేపంలా బతికే ఉన్నాడు గానీ, ఇంకొకావిడతో సంసారం పెట్టుకుని పెళ్ళాం మొహం చూడటం మానేశాడు. అప్పుడు నర్సే వెళ్ళి తోటికోడల్నీ, ఆమె కుట్టుమిషన్నీ వ్యానెక్కించి తన ఇంటికి తెచ్చుకుంది. "వాడు వదిలేస్తే నేనూ వదిలేయాలా?" అంది. ఆ మాట చుట్టాలందరిలో పాకింది. తోడబుట్టినవాళ్ళనే పట్టించుకోని రోజుల్లో తోటికోడల్ని తెచ్చిపెట్టుకుంది, ఎంత పెద్ద మనసో అన్నారు. ఆ మెప్పు చెవిన పడ్డప్పుడల్లా నర్సు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది.

తోటికోడలు ఆ గదిలోనే పడుకునేది, అక్కడే కుట్టేది. ఎక్కువగా స్కూలు యూనిఫారాలు. గుడ్డల తానులు గోడవారగా పేర్చి ఉండేవి. వచ్చిన ఏడాదికి దగ్గు మొదలైంది. మొదట్లో పొద్దున్న లేవగానే నాలుగుసార్లు. తర్వాత మాటకీ మాటకీ మధ్య. ఆ తర్వాత మెట్లెక్కితే పిల్లికూతలు. నర్సు ఆసుపత్రి నుంచి మందులు తెచ్చేది, ఆవిరి పట్టించేది. పొద్దస్తమానం వార్డులో దగ్గులు విని వచ్చిన మనిషికి ఇంట్లో దగ్గు వినపడితే జాలి కంటే ముందు విసుగొచ్చేది. విసుగొచ్చినందుకు సిగ్గేసేది. సిగ్గుపడటానికీ ఓపిక ఉండేది కాదు.

మధ్యలో బూజు వదిలిస్తానంటూ ఒకాయన వచ్చాడు. మెడలో టై, చేతిలో పొగ కొట్టే గొట్టం. గది తలుపు మూసి అరగంట పొగ కొట్టాడు. నిమ్మకాయ సబ్బు వాసన వచ్చింది. ఐదేళ్ళ వరకూ బూజూ రాదు, దగ్గూ రాదు అని ఒక కార్డు మీద సంతకం చేసిచ్చి, పోతూ పోతూ మిషన్ పక్కనున్న ఆవిరి ఇస్త్రీపెట్టె చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇదమ్మా మీ జబ్బుకి మూలం. రోజంతా గదిలో ఆవిరి వదుల్తుంటే గోడకి చెమ్మ పట్టక ఏం చేస్తుంది?"

తోటికోడలు ఆ రోజు నుంచి ఇస్త్రీ బయట చేయించడం మొదలుపెట్టింది. పని సగానికి తగ్గించుకుంది. "నావల్ల మీ ఇల్లు పాడవుతోందక్కా," అంది రెండు మూడుసార్లు. నర్సు అవుననలేదు, కాదనలేదు. నలభై రోజులకి బూజు మళ్ళీ వచ్చింది. కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత తోటికోడలికి వేరే ఊళ్ళో ఒక హోటల్ కర్టెన్లు కుట్టే పని తగిలింది. పదిహేను రోజులు అక్కడే ఉంది. నాలుగో రోజు ఫోన్ చేసి, "అక్కా, దగ్గు మాయమైంది తెలుసా," అని చిన్నపిల్లలా నవ్వింది. ఇంటికొచ్చిన మూడో రోజుకి మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఊపిరి అందక మంచం మీద కూర్చుని కిటికీ ఊచలు పట్టుకుంది. నర్సు తను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసింది. ఊపిరి ఊదించింది. ఆస్తమా, దేనికో పడక వచ్చింది అని తేల్చింది. హోటల్ సంగతి విన్నాక కళ్ళజోడు తీసి నర్సు వైపు తిరిగింది.

"ఊపిరితిత్తుల్లో నిమ్ము లేదు. గోడల్లో ఉందా?"

"బ్లీచింగ్‌తో తుడుస్తూనే ఉన్నాను మేడం," అంది నర్సు.

"అది ఉన్నన్నాళ్ళూ పీల్చుకునే మందులు ఎన్ని ఇచ్చినా చిల్లుకుండలో నీళ్ళే. ముందు గోడ సంగతి చూడు. ఆ పని జరిగేటప్పుడు ఈమెని ఆ గది చాయలకి రానివ్వకు. నువ్వూ ఇక బ్లీచింగ్ మానెయ్. ఆ ఘాటు ఈమెకి ఇంకా చెరుపు."

ఆవిడే ఒక నంబరిచ్చింది. అందరూ అతన్ని బూజు మేస్త్రి అంటారట.

మేస్త్రి భార్యతో కలిసి వచ్చాడు. యాభై దాటిన మనిషి, వేళ్ళ సందుల్లో ఇంకా పాత రంగు మరకలు. ఇరవై ఏళ్ళు ఇళ్ళకి రంగులేశాడు. ఆయన భార్య గదిలోకి రెండడుగులు వేసి, ఆగి, గట్టిగా గాలి పీల్చి, బీరువా వైపు చూపించింది.

"మా ఆవిడ ముక్కు ముందు ఏ మీటరూ పనికిరాదండీ," అన్నాడు మేస్త్రి. "ముందు ఆ ఫ్యాను ఆపండి. ఉన్న బూజునంతా ఇల్లంతా పంచిపెడుతోంది."

ఇద్దరూ మాస్కులు తగిలించుకుని బీరువా ముందుకి జరిపారు. వెనకాల గోడ కనపడలేదు. నిలువెత్తు నల్ల కంబళి కప్పినట్టుంది. నర్సు రుద్దుతూ వచ్చింది కొంగంత మేర, అసలుది బీరువా చాటున హాయిగా కాపురం చేస్తోంది. తోటికోడలు గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రి రెండు సూదులున్న చిన్న మీటరు గోడకి గుచ్చి చూశాడు. పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి. తర్వాత గోడ అవతలున్న బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, కట్టి, చెవి గోడకి ఆనించాడు.

"ముందు పట్టుకోవాల్సింది బూజుని కాదమ్మా, నీళ్ళని. గోడలో పైపు కారుతోంది. బ్లీచింగ్ కొడితే పైన నలుపు పోతుంది, లోపల తడి పోదు. మీరు కొట్టేదాంట్లో కూడా ఎక్కువ నీళ్ళే కదా. దాహంగా ఉన్నదానికి దగ్గరుండి నీళ్ళు తాగించారు."

"ఏ రకం బూజో పరీక్షకి పంపాలా?" అడిగింది నర్సు.

"ఇంత కనపడుతుంటే పేరడగడం ఎందుకు? ఏ రకమైనా చేసే పని ఒకటే."

"తీసేస్తే దగ్గు పోతుందా?"

"అది నేను చెప్పకూడదు. గోడ ఆరుతుందని మాటిస్తాను. దగ్గు మాట డాక్టరు చెప్పాలి. దగ్గు పోతుందని కాగితం రాసిచ్చేవాడు ఎవడైనా వస్తే గుమ్మంలోంచే సాగనంపండి."

"మరి నా ఇస్త్రీపెట్టె?" అంది తోటికోడలు గుమ్మంలోంచి. "దానివల్లే వచ్చిందన్నారు."

మేస్త్రి తాపీతో గోడ మీద చిన్న చెక్కు లేపాడు. పై రంగు. దాని కింద ఇంకో రంగు. దాని కింద నల్లటి మందపాటి పూత. దాన్ని గోటితో గీకి, వాసన చూశాడు. ఇరవై ఏళ్ళు చేసిన పని అది.

"ఈ గోడకి చెమ్మ ఆపే పూత ఎప్పుడు పూయించారమ్మా?" అని నర్సుని అడిగాడు.

"గుర్తులేదు," అంది నర్సు.

మేస్త్రి ఆమె మొహం చూశాడు. "ఇస్త్రీ ఆవిరితో ఇంత తడి రాదమ్మా," అన్నాడు తోటికోడలితో. "కిటికీ తీసి చేసుకుంటే చాలు."

పని ఆరు రోజులు పట్టింది. తోటికోడలు నర్సు గదిలోకి మారింది. మేస్త్రి ఆ గది గుమ్మానికి పైనుంచి కింది దాకా ప్లాస్టిక్ పట్టా బిగించి, మనిషి దూరేందుకు మధ్యలో జిప్పు పెట్టాడు. కిటికీలో ఒక యంత్రం పెట్టాడు. గదిలో గాలి లాగి, వడకట్టి, బయటికి వదులుతుంది. దాంతో గదిలో దుమ్ము ఇంట్లోకి రాదు. పట్టా లోపలికి ఉబ్బి, ఊపిరి బిగబట్టిన పొట్టలా నిలిచింది. తర్వాత తడి తగిలిన పెచ్చులు చెక్కడం మొదలుపెట్టారు. చెక్కినదల్లా అక్కడే సంచిలో పోసి, మూతి కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, పైన తుడిచి బయటికి తెచ్చేవారు.

ఏది ఉంచాలో ఏది పారేయాలో మేస్త్రి భార్య చెప్పేది. మిషన్ ఇనుముది, తుడిస్తే చాలు. టేకు బల్ల చాలు. గుడ్డలు వేన్నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తే పనికొస్తాయి. పరుపు పనికిరాదు. రంపపు పొట్టు నొక్కిన అట్టతో చేసిన బీరువా అస్సలు పనికిరాదు, లోపలంతా తాగేసింది. మిషన్ కాక తోటికోడలు తన కాపురం నుంచి తెచ్చుకున్నది ఆ బీరువా ఒక్కటే. దాన్ని ముక్కలు చేసి తీసుకెళ్తుంటే చూసి, లోపలికి వెళ్ళి యూనిఫారాల గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది.

రెండో రోజు మధ్యాహ్నం పైపు బయటపడింది. మలుపు దగ్గర వెంట్రుకంత చీలిక. చెమట పట్టినట్టు ఒక్కో చుక్కా ఊరుతోంది. ప్లంబరొచ్చి మార్చాడు. మేస్త్రి ఆ పాత ముక్క తెచ్చి చూపించి వెళ్ళాక ముందు గదిలో తోటికోడళ్ళిద్దరే మిగిలారు. యంత్రం రొద పెడుతోంది.

"నువ్వు రాకముందే ఆ గోడ చెమ్మగా ఉండేది," అంది నర్సు. ఎప్పుడో చెప్పాలని దాచుకున్న గొంతు కాదు. డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చే నర్సుకి రోగుల సంగతి అప్పజెప్పినట్టుంది. "అప్పుడు అది నా గది. ఆయన పోయాక ఆ మంచం మీద నాకు నిద్రపట్టేది కాదు, ఒళ్ళంతా బరువుగా ఉండేది. వాసన పడక ఇటు గదిలోకి మారాను. నిన్ను తీసుకొద్దామనుకున్నాక రంగులవాణ్ణి పిలిపించి ఆ నల్ల పూత పూయించి పైన రంగేయించాను. అసలు పని చేయించాలంటే గోడ పగలగొట్టాలన్నాడు. అప్పటికి నాకు ఓపిక లేదు."

తోటికోడలు చేతిలో సూది ఆగింది.

"మరి ఇస్త్రీ వల్ల అన్నప్పుడు?"

నర్సు కింద పడ్డ గుండీ ఏరి డబ్బాలో వేసింది.

"రెండేళ్ళక్కా. రెండేళ్ళు నేను మీ గోడ పాడుచేస్తున్నానని భయపడ్డాను. వేన్నీళ్ళు కాచుకోవడానికి కూడా భయపడ్డాను. వచ్చిన పని వద్దన్నాను. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గాను, నీ నిద్ర చెడుతుందని." గొంతు పెరిగింది, పెరిగినందుకు దగ్గొచ్చింది. నర్సు నీళ్ళ గ్లాసు అందివ్వబోతే వద్దని చెయ్యి చూపించి, ఆ దగ్గు తనంతట తనే ఆపుకుంది. "నువ్వు నర్సువి కదా అక్కా. వినపడలేదా?"

"వినపడింది. వినపడ్డప్పుడల్లా వెళ్ళి గోడ తుడిచాను."

తోటికోడలు దారం కొరికి తెంపింది.

"ఇకమీదట ఆ గది నాకొద్దు," అంది తోటికోడలు. "నీ గది నాకివ్వు. మేస్త్రి ఎంత బాగు చేసినా సరే, అందులో నువ్వు పడుకో."

"సరే."

"కోపంతో అంటున్నాను. రేపు కోపం తగ్గినా ఇదే మాట."

"సరే అన్నాను కదే."

గోడ ఆరడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. తడి లాగే యంత్రమొకటి పెట్టి, దాని తొట్టెలో నీళ్ళు రోజూ ఒంపమన్నాడు మేస్త్రి. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా నర్సు ఒంపేది. మీటరు మూడు చోట్లా పొడి చూపించాకే కొత్త సిమెంటు పూత పూయనిచ్చాడు. ఆ గది ఖాళీ చేసిన మొదటి వారం తోటికోడలు నర్సుతో అవసరమైనంతే మాట్లాడింది. రెండో వారం కూర బాగుందంది. మూడో వారం మిషన్ ముందు గదిలో వేయించుకుని, కిటికీ బార్లా తెరిచి, ఇస్త్రీపెట్టె పెట్టి, అప్పట్లో వద్దన్న స్కూలువాళ్ళకి తనే ఫోన్ చేసి పని అడిగింది.

రెండు నెలలకి డాక్టరమ్మ మళ్ళీ ఊపిరి ఊదించింది. మెరుగే. పిల్లికూతలు పోయాయి. పీల్చే మందు మాత్రం ఉండాలంది. ఇన్నాళ్ళు దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఒక్కసారిగా కొత్తవి అయిపోవు, చలికాలం చూద్దాం అంది. వచ్చేటప్పుడు మెట్ల దగ్గర తోటికోడలు ఆగకుండా దిగింది. నర్సే మధ్యలో ఆగి మోకాళ్ళు పట్టుకుంది.

ఇప్పుడు నర్సు ఆ గదిలోనే పడుకుంటోంది. మంచం గోడకి జానెడు దూరంలో వేసింది, బీరువా పెట్టలేదు, బట్టలు తాడు మీద ఉంటాయి. మేస్త్రి ఒకసారి దారినపోతూ వచ్చి మీటరు గుచ్చి, బాగుందని తలూపి, టీ తాగి వెళ్ళాడు. వారంలో ఆ ఒక్క సెలవురోజు పొద్దున్న చెయ్యాల్సిన పనేమీ లేక ఆమె చాలాసేపు అలాగే పడుకుని ఉంటుంది. అవతల ముందు గదిలో మిషన్ ఆడుతుంటుంది. మధ్యలో ఎప్పుడైనా ఒక దగ్గు వినిపిస్తే లేచి కూర్చుంటుంది. రెండోది రాకపోతే మళ్ళీ పడుకుంటుంది.