బాతుబొమ్మల గది

పనికి వెళ్లేముందు అయిదు పాలసీసాలనూ మరిగించడం థేవీ పని. సాయంత్రం తిరిగొచ్చాక వాటిలో మిగిలిపోయిన పాలు పారబోసి, తోమి బోర్లించడం కూడా థేవీ పనే. మధ్యలో జరగాల్సింది ఒక్కటే జరగడం లేదు. ఒక సీసా మందులషాపు ఆవిడ ఇచ్చింది, ఒకటి పక్కగదిలో పిల్ల వాడి వదిలేసింది, ఒకటి అచ్చం తల్లి రొమ్ములాగే ఉంటుందని డబ్బా మీద రాసుంటే నమ్మి కొన్నది. మూడున్నర నెలల కూతురు మాలిస్ మాత్రం ఏ సీసా పట్లా పక్షపాతం చూపలేదు. అన్నిటికీ ఒకేలా పెదాలు బిగించి, మెడ వెనక్కి విరిచి, అద్దెగదుల వరస మొత్తానికీ వినపడేలా ఏడ్చింది.

"ఆకలేస్తే అదే తాగుతుందిలే," అన్నాడు సంబత్. అన్నం తింటూ అన్నాడు. ఫ్నోమ్‌పెన్ నగరంలో ఆటో నడుపుకునే ఆ మొగుడు బిడ్డకు ఇంతవరకూ ఒక్కసారి కూడా సీసా పట్టి చూడలేదు. నువ్వు పట్టి చూడరాదా అంటే, "నాకు పాలుంటే పట్టనా," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

పల్లెనుంచి బిడ్డను చూసుకోవడానికి వచ్చిన అత్తగారు హూన్‌ది ఇంకో పాట. "మొండితనం ఎవరిదో నేను చెప్పాలా. మా వంశంలో అయితే లేదు." థేవీ పనినుంచి వచ్చి బిడ్డను ఎత్తుకోబోతే ఆపేస్తుంది. "రోజంతా రొమ్ములో నిలవున్న పాలు విషం. ముందు పిండి పారబొయ్యి." థేవీ గోడవైపు తిరిగి పాలు పిండుకుంటుంటే వెనక మాలిస్ గుక్కపట్టి ఏడుస్తుంది. పదిగంటలు చెంచాతో పోసిన గంజినీళ్ల మీద ఉన్న బిడ్డ ఎదురుగా పాలను నేలపాలు చేయడం ఎంత పాపమో థేవీకి తెలుసు. తెలిసీ ఎదురుచెప్పలేకపోవడమే ఆమెకు అన్నిటికంటే సిగ్గుగా ఉంటుంది.

క్లినిక్‌లో నర్సు మాలిస్‌ను తూకం వేసి, కార్డు మీద చుక్క పెట్టి, కిందటి నెల చుక్కతో కలిపింది. పైకి పోవాల్సిన గీత అడ్డంగా పోయింది. "ఇంకో నెల ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాలమ్మా. సీసా పట్టకపోతే పగటిపూట కూడా నువ్వే ఇవ్వు," అంది. ఎలా ఇవ్వాలో చెప్పలేదు. ఇంట్లో ఆ మాట చెబితే సంబత్ కంగారుపడ్డాడు, కానీ పని మానెయ్యమనలేదు. గది అద్దె థేవీ జీతంలోంచే పోతుంది. అత్తగారు మానెయ్యమనలేదు, కానీ తల్లి మనసున్నది ఇలా వదిలి వెళ్తుందా అని గోడకు చెప్పింది. అంటే పనికి వెళ్లాలి, వెళ్లినందుకు తిట్లు కూడా తినాలి.

ఫ్యాక్టరీలో థేవీ ప్యాంట్లకు జిప్పులు కుడుతుంది. పదిగంటలయ్యేసరికి రొమ్ములు రాళ్లవుతాయి. పారేసిన గుడ్డముక్కలు మడిచి జాకెట్లో పెట్టుకుంటుంది. అవి తడిసి రంగు దిగుతాయి. ఒకరోజు గోధుమరంగు ప్యాంటు మీద చుక్కలు పడ్డాయి. లైన్ లీడర్ కన్నిఖా ఆ ప్యాంటు ఎత్తి అందరికీ చూపించింది. "ఇది కుట్టుమిషనా, పాలకేంద్రమా? పో, పిండుకునిరా. అయిదు నిమిషాలు." మరుగుదొడ్డిలో తలుపుకు వీపు ఆనించి పిండుకుంటూ, బయట క్యూలో ఉన్నవాళ్లు తలుపు బాదుతుంటే, థేవీకి ఏడుపు కాదు, కోపం వచ్చింది. కానీ ఎవరి మీద కోపగించుకోవాలో తేలలేదు. కన్నిఖాకూ ఇద్దరు పిల్లలు. ఆ ఇద్దరూ ఊళ్లో అమ్మమ్మ దగ్గరే పెరుగుతున్నారు.

పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు గంట సెలవివ్వాలని చట్టం ఉంది. ఆఫీసు గోడకు ఆ కాగితం కూడా అంటించారు. ఆ గంటలో థేవీ ఇంటికి వెళ్లి రాలేదు. కూలీలను నిలబెట్టి తెచ్చే లారీ వెళ్లడానికే గంట తీసుకుంటుంది. బిడ్డను ఆ లారీలో తేవడం కుదరదు. తెచ్చినా ఎక్కడ పెట్టాలి? చోటు లేక కాదు. క్యాంటీన్ పక్కన తలుపు మీద పసుపు బాతులు వేసిన గది ఒకటుంది. కిటికీలోంచి చూస్తే నాలుగు చిన్న మంచాలు, కవరు విప్పని బొమ్మలు, వాటి నడుమ దారం పెట్టెలు కనిపిస్తాయి. తలుపుకు ఎప్పుడూ తాళమే. "అది మనకు కాదే, తనిఖీకి," అంది కన్నిఖా, తెలియనిదానికి చెప్పినట్టు జాలిగా.

ఆ తనిఖీ రానే వచ్చింది. ఆఫీసులో పనిచేసే విచెత్ చంటిపిల్లల తల్లుల్ని ముగ్గురిని పిలిచాడు. "బట్టలు కొనే కంపెనీవాళ్లు గురు, శుక్రవారాలు ఉంటారు చెల్లెమ్మలూ. మొదటిరోజు ఫ్యాక్టరీ చూస్తారు, రెండోరోజు ఆఫీసులో కాగితాలు చూస్తారు. గురువారం మీ పిల్లల్ని తీసుకురండి. ఇంటికి వ్యాను పంపిస్తాం." తర్వాత ఒక రిజిస్టరు తెరిచి ముందుకు తోశాడు. "పనిలో తిరిగి చేరిన రోజునుంచి రోజూ బిడ్డను ఈ గదికి తెస్తున్నట్టు సంతకాలు పెట్టెయ్యండి. అడిగితే అదే చెప్పండి."

థేవీ పెన్ను తీసుకుంది. ఒక్కో తేదీ ఎదుట పేరు రాస్తుంటే ఆ తేదీన మాలిస్ ఎక్కడుందో ఆమెకు గుర్తొస్తూనే ఉంది. ఈ రోజున గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. ఈ రోజున నాలుగు చెంచాలు తాగి కక్కేసింది. ఈ రోజున తను మరుగుదొడ్డిలో పాలు పిండి, నీళ్లు పోసేసింది. ఈ రోజున ప్యాంటు ఎత్తి చూపించారు. ఇరవై సంతకాలు. ఇరవై రోజులపాటు తన బిడ్డ బాతుబొమ్మల గదిలో హాయిగా పాలు తాగినట్టు తను సొంత చేత్తో రాసిపెట్టింది. ఈ ఫ్యాక్టరీకి వ్యాను ఉందని మాత్రం ఆమెకు ఆ రోజే తెలిసింది.

గురువారం వ్యాను నిజంగానే వచ్చింది. గదిలో దారం పెట్టెలు లేవు, ఫ్యాను తిరుగుతోంది, ఫ్యాక్టరీ క్లినిక్ నర్సు కొత్త ఏప్రన్ కట్టుకుని కూర్చుంది. పదిగంటలకు థేవీని లైన్లోంచి పిలిచారు. మాలిస్ ఆమెను చూసి నోరు తెరిచింది, ఏడవడానికి కాదు. ఒక అరచేయి తల్లి గుండె మీద ఆనించి, కళ్లు మూసుకుని, గుటకలు బయటికి వినపడేలా తాగింది. పట్టపగలు. థేవీ ఒళ్లంతా సడలిపోయింది. ఇంతేనా, ఇంత చిన్న సంగతా అనుకుంది. ఇరవై నిమిషాలు, ఒక కుర్చీ, ఒక తలుపు. ఇందుకోసమా ఇంట్లో అందరూ తనను అన్ని మాటలన్నది? ఇందుకోసమా గీత అడ్డంగా పోయింది?

వచ్చినవాళ్లలో ఒక విదేశీ ఆవిడ చేతిలోని కాగితం చూసి ఏదో అడిగింది. దుబాసీ అమ్మాయి దాన్ని ఖ్మేర్ భాషలో చెప్పింది. "రోజూ తెస్తావా అని అడుగుతున్నారక్కా."

విచెత్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. లేదంటే ఆర్డరు పోవచ్చు. ఆర్డరు పోతే లైనుకు లైనే ఇంటికి పోతుంది. అప్పుడు కన్నిఖా మొదలుకుని అందరూ చూపించే వేలు తనవైపే ఉంటుంది. "తెస్తాను," అంది థేవీ. ఆవిడ నవ్వుతూ రాసుకుంది. వాళ్లు గది దాటగానే విచెత్ గొంతు తగ్గించి, "పాప నిద్రపోయిందిగా, మధ్యాహ్నం వ్యానులో పంపించేద్దాం. రేపు అక్కర్లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం మాలిస్ ఏడవలేదు. నెలరోజుల్లో మొదటిసారి ఊయలలో కాళ్లు ఆడించుకుంటూ పైకప్పు వైపు చూసింది. హూన్ మనవరాలిని చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత, "సంబత్ అక్కని నేను గుంజల మీద కట్టిన ఇంటికింద ఊయలలో వదిలి నాట్లకు పోయేదాన్ని," అంది. "పాలు ఆగక మడిలోకి పిండేదాన్ని. పొద్దుగూకి వస్తే మా అత్త నిలవపాలు విషమనేది. నాకు అప్పుడు తెలీదు. నిజమనుకున్నా."

ఆ ముసలావిడ కూడా ఒకప్పుడు రెండు రొమ్ములూ పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటుందని థేవీకి ఏనాడూ తోచలేదు. చాలా కోపం వచ్చింది, ఆవిడ మీద మాత్రం కాదు.

శుక్రవారం వ్యాను రాలేదు. థేవీ సీసాలు పొయ్యిమీద పెట్టలేదు. బిడ్డను గళ్ల తుండుతో నడుముకు కట్టుకుని, "మమ్మల్ని ఫ్యాక్టరీ దగ్గర దింపు," అంది సంబత్‌తో.

"నిన్నటితో అయిపోయిందన్నావుగా."

"నిన్నటితో మొదలైంది."

"పొద్దుటి బేరాలు పోతాయే," అన్నాడతను, తల్లి తన పక్షాన మాట్లాడుతుందేమోనని చూస్తూ. హూన్ కొడుకు ముఖం చూడకుండా గుడ్డలసంచి తెచ్చి ఆటోలో పెట్టింది. "దింపరా. నీ కూతురేగా," అంది.

గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. ఆవరణలో తనిఖీవాళ్ల కారు నిలబడి ఉంది. ఆఫీసు మెట్ల మీద విదేశీ ఆవిడ, దుబాసీ అమ్మాయి కాఫీ తాగుతూ ఇటే చూస్తున్నారు. విచెత్ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఇవాళ వద్దని చెప్పాను కదా చెల్లెమ్మా," అన్నాడు పళ్లబిగువున, ముఖం మీద నవ్వు చెరగకుండా.

థేవీ బిడ్డను ఇంకొంచెం పైకి ఎత్తుకుంది. మెట్ల మీదున్న వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా, మర్యాదగా అంది.

"మీరు పెట్టించిన సంతకాలు అబద్ధం కాకూడదని తెచ్చాను సార్. రేపు వ్యాను ఎన్నింటికి వస్తుంది?"