పచ్చికలో గంగవాయిలి కూర

మా ఆయన డ్యూటీ బట్టల్ని మిగతావాటితో కలిపి ఉతకొద్దట. గల్ఫ్‌లో ఈ ఫుజైరాకి వచ్చిన కొత్తలోనే చెప్పాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. వేరే బకెట్లో నానబెట్టి కూనిరాగం తీసుకుంటూ ఉతికేదాన్ని. కొత్త పెళ్ళికూతుర్ని, నాకు అన్నీ ముద్దే! ఏసీ గురగుర ముద్దు. కంపెనీ క్వార్టర్ల మధ్య పచ్చిక మరీ ముద్దు, ఎందుకంటే దాన్ని పెంచేది మా ఆయన రాజలింగమే. పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. బీఏ చదివిన నేను, అమ్మ మాటలు నింపి పంపిన క్యాసెట్‌ని తిప్పి తిప్పి వింటూ దానికే జవాబులు చెప్పేదాన్ని.

ఒక శుక్రవారం ఆ గడ్డిలో గంగవాయిలి కూర కనబడింది. మా ఊరి మనిషి ఎదురైనంత సంబరం! కొంగు నిండా తెంపి పప్పులో వేశాను. పక్కింటి నర్సు ప్రేమకుమారి అక్కకు గిన్నెడు ఇచ్చొచ్చి, ఆయనకు వడ్డించాను.

"ఈ కూర ఎక్కడిది?"

"మన గడ్డిలోదే."

కంచం తోసేశాడు. "పిచ్చిదానా! కలుపు చావాలని నిన్ననే విషం కొట్టిచ్చిన."

నేనింకా ముద్ద ముట్టలేదు. మొగుడు తిన్నాకే తినాలని అత్త నేర్పిన పద్ధతి. పక్కింటికి పరుగెత్తేసరికి అక్కా, ఆమె కూతురూ వాంతులు చేసుకుంటున్నారు.

వాళ్ళు తేరుకున్నాక క్వార్టర్ల ఆడవాళ్ళంతా వచ్చి, గడ్డిలో ఏం కొట్టించావని ఆయన్నే అడిగారు. "ఎరువమ్మా, ఒట్టి ఎరువు," అన్నాడు. పిల్లలు ఆడేచోట ఏ మందూ కొట్టొద్దని ముదీర్‌నే, అంటే కంపెనీ మేనేజర్నే, అడుగుదామని అక్క అందర్నీ కూడగట్టింది.

"నువ్వు పోకు," అన్నాడాయన. "నా ఇజ్జత్ ఖలాస్ అయితది. నీ వీసా నా పేరు మీదున్నది, యాదుంచుకో." ఆ వెంటనే బుగ్గ గిల్లాడు. "నవ్వుకుంట ఇంట్ల కూసో. గట్లనే మంచిగుంటవు."

అలవాటుగా నవ్వాను. తలుపేసుకుని ఆయన పోయాక ఆ నవ్వు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. చాయ్, ఉప్పు, వేడినీళ్ళు. మా మాటలన్నీ అవే. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నాతో చెప్పిన అసలైన మాట ఆ విషం సంగతొక్కటే. దాన్ని కడుపులో దాచుకోవడమే కాపురమట.

చెప్పులేసుకుని అక్క తలుపు తట్టాను.

"నేనూ వస్తానక్కా. అది ఎరువు కాదు. విషమని ఆయనే నాతో చెప్పాడు. ముదీర్ ముందు కూడా చెబుతాను."

అక్క నా ముఖంలోకి చూసింది. "మీ ఆయన ఊరుకుంటాడా అమ్మాయ్?"

"ఊరుకోడు," అన్నాను. "పదండి."