సన్న గొట్టం చెయ్యి

ఉల్లిపాయలు తరుగుతుంటే షెడ్డులోంచి మా ఆయన గొంతు వినిపించింది. "మా ఆవిడ ఊరికే ఉందండి, కాఫీ పెట్టమంటాను."

ఊరికే. ఆ మాటంటే నాకు రోత. పొద్దున్నే అందరికీ వండి, ఎనిమిదింటికి షెడ్డులో దూరి వెల్డింగు చేసి, మధ్యాహ్నం కంచాలు కడిగి, సాయంత్రం డ్రాయింగులు గీసే మనిషి ఊరికే ఉందట. ఊరికి తెలియకుండా ఉందని ఆయన ఉద్దేశం కాబోలు. నా పేరు ఆశాజ్యోతి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ధవళేశ్వరం రోడ్డులో మా ఇంటి ముందున్న షెడ్డుకి మాత్రం 'శ్యాంబాబు మోటార్ వర్క్స్' అని బోర్డుంటుంది. బోర్డు ఆయనది, బోరింగు పని నాది.

మా అత్తగారి పేరు బేబి. డెబ్బై రెండేళ్ల బేబి. మొన్న ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే నా చేతులకేసి చూసి మొహం చిట్లించింది. "సంఘంలో అందరూ చూస్తున్నారమ్మా. మగాడి చేతుల్లాగ ఆ మచ్చలేంటి? పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకో." ఆ మచ్చలు పెట్టిన నిప్పురవ్వల మీదే ఆవిడ బీపీ మాత్రలు వస్తాయని చెప్పాలనుకుని మానేశాను. ప్రార్థన చివర అందరూ ఆమెన్ అన్నారు. నాకు మాత్రం 'ఆ మెన్' అని వినిపించింది. ప్రభువు క్షమించుగాక.

కాఫీ తీసుకెళ్లేసరికి షెడ్డులో శరత్‌చంద్ర ఉన్నాడు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం, సెలవు దొరికితే డ్రాగ్ రేసులు. నాలుగు వందల మీటర్లు తిన్నగా పోవాలి, ముందు చేరినవాడికి కప్పు. డ్రాగ్ అంటే ఈడ్చడమే కదా. ఈ సంసారాన్ని నేను పద్దెనిమిదేళ్లుగా ఈడుస్తున్నాను. నాకూ కప్పులు ఇచ్చారు, కడగమని.

అతని పాత కారుకి ఈ మధ్య పెద్ద ఇంజను వేశారు. కింద ఉన్న టార్క్ ఆర్మ్ దానికి చాలక వంగిపోయింది. మా షెడ్డులో దాన్ని చెయ్యి అంటాం. కారు నిలబడ్డచోటు నుంచి ఒక్క ఊపున లేచినప్పుడు వెనక ఇరుసు మెలితిరగాలని చూస్తుంది. ఆ మెలికని పట్టి ఆపే పొడుగు గొట్టమే ఈ చెయ్యి. ఒక కొస ఇరుసుకి, రెండో కొస గేరుబాక్సు పక్కన. వెనక సస్పెన్షన్‌లో భాగం, కిందకి దూరితే తప్ప కనబడదు. నాదీ వెనక సస్పెన్షనే, వంటింట్లో. విచారణ ఉండదు, ఎప్పుడు ఎత్తేస్తారో చెప్పరు.

ఈసారి కారు తేలిగ్గా ఉండాలని మా ఆయన సన్న గొట్టం చూపిస్తున్నాడు. అది ఆగదండీ అన్నాను. "నువ్వు కాఫీలో పంచదార సంగతి చూడవే" అన్నాడు ఆయన, నవ్వుతూ. శరత్‌చంద్ర కూడా మర్యాదకి నవ్వాడు. మర్యాదకి నవ్వే నవ్వుల్లో నా మర్యాదే ఎప్పుడూ ఖర్చవుతుంది.

అన్నం వార్చి లెక్క వేశాను. ఇంజను మెలి రెండు వందల న్యూటన్ మీటర్లు, మొదటి గేరులో దానికి మూడింతలు, ఇరుసు దగ్గర మళ్లీ నాలుగింతలు. కిలోల్లోకి మారిస్తే, మీటరు పొడుగు చేతికి ముందు కొసన దాదాపు రెండు వందల నలభై కిలోల తన్ను. రేసు టైరు రోడ్డుని కరిచిందంటే అదంతా ఒక్క దెబ్బగా వస్తుంది. అతుకు లేని లావు గొట్టం కావాలి, రెండు కొసల దగ్గరా ముక్కోణం రేకులు వేసి అతకాలి. ఈలోగా నరసాపురంలో అమ్మకి కంటి ఆపరేషన్, రెండ్రోజులు వెళ్లక తప్పలేదు. డ్రాయింగు బల్ల మీద పెట్టి, షెడ్డులో పలక మీద సుద్దతో పెద్దగా రాశాను.

సన్న గొట్టం చెయ్యి వద్దు లావు గొట్టం చెయ్యి

పలక చివరికంటా వచ్చేసింది. చుక్కలు పెట్టడం మర్చిపోయాను.

మా ఆయన డ్రాయింగు విప్పనే లేదు. పలక చూసి, తన మనసులో ఉన్నట్టే చదువుకున్నాడు. సన్న గొట్టం చెయ్యి. వద్దు లావు గొట్టం చెయ్యి. ఏ గొట్టంగాడైనా అనుమానమొస్తే ఫోన్ చేసి అడుగుతాడు. పెళ్లాన్ని అడిగితే పరువు వంగుతుందని ఈయన గొట్టాన్ని వంగనిచ్చాడు.

సన్న గొట్టంతోనే చెయ్యి చేసి, కారుకి బిగించి, ఊరి బయట ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద ట్రయలు వేశారు. రెండోసారి లేవగానే చెయ్యి మడతపడి, ముందు కొస ఊడి, కారు అడుగు రేకుని చీల్చుకుని శరత్‌చంద్ర మడమకి జానెడు దూరంలో పైకి లేచింది.

నేను బస్సు దిగి వచ్చేసరికి షెడ్డు నిండా జనం. మా ఆయన నన్ను చూపించి అందరికీ చెప్పాడు. "మా ఆశాజ్యోతి తప్పు రాసిందండి. డిప్లొమా చదివింది గానీ చుక్క పెట్టడం రాదు."

పద్దెనిమిదేళ్లలో ఆ షెడ్డులో నా పేరు పలకడం అదే మొదటిసారి, అదీ ఒక తప్పు పక్కన. చేసినప్పుడల్లా ఆయన, చెడినప్పుడు నేను. చుక్క మర్చిపోయింది నేనే, కాదనను. కాగితం మీద కొలతలన్నీ ఉన్నాయి కదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. శరత్‌చంద్ర బల్ల మీద కూర్చుని మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నాడు. రెండో చేత్తో మడమ తడుముకుంటున్నాడు.

"కాలికేం కాలేదు కదండీ?" అన్నాను.

అతను తలెత్తి చూశాడు. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడిగినట్టు లేదు.

కొత్త చెయ్యి చెయ్యడానికి మూడు రోజులు పట్టింది. గొట్టం నేనే ఏరాను, నేనే కోశాను, నేనే అతికాను. పొట్టి చేతుల జాకెట్టుతోనే. అత్తగారు తలుపు దగ్గర నిలబడి, కూరలో ఉప్పు లేదని రెండుసార్లు చెప్పి వెళ్లింది. శుక్రవారం అదే రోడ్డు మీద కారు పదిసార్లు లేచింది. పదిసార్లూ తాడు పట్టినట్టు తిన్నగా పోయింది. పదోసారి తర్వాత నేను కిందకి దూరి అతుకులన్నీ వేలితో తడిమి చూశాను. వెంట్రుకంత చీలిక లేదు.

నేనింకా కారు కిందే ఉండగా పైన మా ఆయన మాటలు వినబడ్డాయి. "లావు గొట్టమే వెయ్యాలని మొదట్నుంచీ నా మనసులో ఉందండి. మా ఆవిడ చేత చేయించానంతే." తర్వాత వంగి, ముద్దుగా, ఉప్పాడ పట్టుచీర కొంటాలే అన్నాడు. టైరుకి రోడ్డు మీద పట్టు నేనిస్తే నాకు పట్టుచీర. వీపు కింద కంకర గుచ్చుకుంటోంది. అయినా పైకి రాబుద్ధి కాలేదు. ఆ మాట విన్న చెవులతో మళ్లీ ఆ మొహం చూడాలంటే వెగటు పుట్టింది. అక్కడే, నూనె చుక్కలు పడుతుంటే, ఆయన బోర్డు కింద నాకిదే ఆఖరి అతుకని తేల్చుకున్నాను.

బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుంటే శరత్‌చంద్ర దగ్గరికి వచ్చాడు.

"వచ్చే నెల మా ఫ్రెండు బండి కూడా తెస్తాను మేడమ్. సార్ ఏ రోజుల్లో ఉంటారండి?"

"సారు రోజూ ఉంటారండి," అన్నాను. "ఉండనిది నేను."