ఆరుసున్నా బిస్నాథ్ బిళ్ళలు

మహైకా ఏటి కట్ట తెగి బడి బెంచీలన్నీ నీళ్ళలో తేలిపోయిన ఏడు అది. నీళ్ళు తియ్యడానికి నెలలు పట్టింది. అందాకా మిస్ ఓడెల్ పిల్లల్ని రమ్ము కొట్టు మేడ మీద కూర్చోబెట్టి చదువు చెప్పింది. నల్లబల్ల ఏటి పాలైంది, చాక్‌పీసులు ముద్దయిపోయాయి. ఆమె కన్ను, సాయంత్రాలు ఆ కొట్లో ఆడుకునే బిస్నాథ్ డామినో బిళ్ళల మీద పడింది.

"బాబాయ్, పగటిపూట ఇవి నాకిస్తారా?"

బిస్నాథ్ తలూపాడు. ఎవరేం అడిగినా తలూపడం ఆయనకు అలవాటు, మాట ఖర్చు కాదని. సాయంత్రం చూసుకుంటే ప్రతి బిళ్ళ వీపు మీదా గోళ్ళ రంగుతో ఎర్రగా ఒక్కో ఇంగ్లీషు మాట ఉంది. కిరసనాయిలు పెట్టి రుద్దాడు. పోలేదు.

కిందటి ఈస్టర్ సోమవారం ఏటి అవతలి ఊరి కాడొగన్ ఈ బిళ్ళలతోనే ఆయన్ని వరసగా ఆరు ఆటలు ఓడించాడు. ఒక్కటీ గెలవకుండా ఆరు పోగొట్టుకున్నవాడికి 'ఆరుసున్నా' అని పేరు పడుతుంది. ఓడించినవాడికే ఆరూ తిప్పికొడితే గాని ఆ పేరు వదలదు. ఇంట్లో సుఖియా కూడా రోటీ పెడుతూ, "ఏం ఆరుసున్నా, ఇంకోటి వెయ్యనా?" అనేది. ఆలిని ఏమనగలడు. ఈ ఈస్టర్‌కి ఎలాగైనా వదిలించుకోవాలి.

బిళ్ళ ఒకటి పోయినా ఆట పోతుందని రోజూ వచ్చి వెనక సీసాల పెట్టె మీద కాపలా కూర్చున్నాడు.

"వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళు," అనేది మిస్ ఓడెల్, బిళ్ళలు ఎత్తి చూపిస్తూ. "స్ట్రెంగ్త్ నామవాచకం. స్ట్రాంగ్ గుణం చెబుతుంది, విశేషణం. స్ట్రెంగ్తెన్ పని చేస్తుంది, క్రియ. స్ట్రాంగ్లీ ఆ పని ఎలా చేశారో చాడీలు చెబుతుంది. అదేంటి?"

"క్రియావిశేషణం, మిస్."

పగలంతా బిస్నాథ్ వీపులు చూసేవాడు. సాయంత్రం పెట్టెలో సర్దుకుంటూ చుక్కలున్న ముఖాలు చూసేవాడు. బడిలో కూర్చున్నది మూడేళ్ళే. అయినా ఈస్టర్ నాటికి ఏ మాట వెనక ఎన్ని చుక్కలున్నాయో ఆయనకు వచ్చేసింది. కావాలని నేర్చుకోలేదు. వద్దనీ అనుకోలేదు.

పండగనాడు కాడొగన్ పడవ దిగి వచ్చాడు. బిళ్ళలు చూసి నవ్వాడు.

"ఏమోయ్, బిళ్ళల్ని కూడా బడికి పంపుతున్నావా? నువ్వు తప్పిన క్లాసు అవైనా పాసవుతాయేమోలే."

బిస్నాథ్ తలూపాడు.

బిళ్ళలు నిలబెట్టుకుంటే వీపులు ఎదుటివాడి వైపే ఉంటాయి. కాడొగన్ చేతిలో ఏముందో గాజు సీసాలో చేపల్లా కనిపించింది. బిస్నాథ్ ఒకటి గెలిచాడు. రెండు గెలిచాడు. ఐదయ్యేసరికి కాడొగన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆరో ఆటలో ఇద్దరి దగ్గరా ఒక్కో బిళ్ళ మిగిలింది. ఎత్తు బిస్నాథ్‌ది. వేస్తే అయిపోయినట్టే.

మిస్ ఓడెల్‌కి గర్వం ఆగలేదు. అవతలి ఊరివాళ్ళంతా అక్కడే ఉన్నారు మరి.

"మా బడి నీళ్ళలో ఉందేమో గాని చదువు తడవలేదు," అంది. "మా బిస్నాథ్ బాబాయ్‌నే చూడండి. మాటలన్నీ వచ్చు. మాట చూసి వెనకున్న చుక్కలు కూడా చెప్పేస్తాడు. సర్దుకుంటూ గొణుక్కుంటుంటే నేనే విన్నాను."

పిల్లలు పండక్కి ఎగరేసిన గాలిపటం తోక పైకప్పుకు రాసుకున్న చప్పుడు వినిపించింది.

కాడొగన్ తన చివరి బిళ్ళను అరచేత్తో కప్పేశాడు. "నిజమా?"

తలూపడం ఆయనకు మొదటిసారి కష్టమైంది. ఊపాడు.

"నా దగ్గరున్నదేంటో చెప్పు."

తెలీదంటే చాలు. ఆటా అయిపోతుంది, పేరూ వదిలిపోతుంది.

"స్ట్రాంగ్లీ," అన్నాడు బిస్నాథ్. "ఆరూ ఆరు."

కాడొగన్ తిరగేశాడు. ఆరూ ఆరే.

"అంటే అదేంటి?" అలవాటుకొద్దీ అడిగేసింది మిస్ ఓడెల్.

"క్రియావిశేషణం, మిస్," అన్నాడు బిస్నాథ్, అదే అలవాటుకొద్దీ.

ముందు నవ్వింది కాడొగనే. తర్వాత కొట్టంతా నవ్వింది. గెలిచిన ఐదాటలూ లెక్కలోంచి కొట్టేశారు. "ఓరి క్రియావిశేషణమా," అని కాడొగన్ పడవ ఎక్కేదాకా అంటూనే ఉన్నాడు. ఆ కబురు బిస్నాథ్ కంటే ముందే ఇల్లు చేరింది.

"ఏం క్రియావిశేషణం, రోటీ ఇంకోటి వెయ్యనా?" అంది సుఖియా.

బిస్నాథ్ పళ్ళెం ముందుకు జరిపాడు. పాత పేరుతో ఎవరూ పిలవలేదు.

"వెయ్యి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బిళ్ళల పెట్టె గుడ్డలో కట్టుకుని, పడవేసుకుని ఏరు దాటాడు. కాడొగన్ ఇంటి మెట్ల మీద కూర్చుని, బిళ్ళలు వీపులు కనబడేట్టు ఒక్కొక్కటే పరిచాడు.

"ఇది స్ట్రాంగ్ వాళ్ళిల్లు," అన్నాడు. "కూర్చో. ఈసారి ఆడేటప్పుడు నా చేతిలోవి నీకూ కనబడాలి."