ఎలినెస్ బల్లెక్కిన రోజు

ప్రిపోజిషన్లు చెప్పడానికి కచింగ్వె మాస్టారికి పుస్తకంతో పని లేదు, ఎలినెస్ ఉంటే చాలు. వాళ్ల చిచేవా భాషలో బల్ల మీదన్నా, బల్ల దగ్గరన్నా ఒక్క 'ప' సరిపోతుంది. ఇంగ్లీషులో దేని మాట దానిదే. ఓనాడు ఆ పిల్ల తప్పు చెప్పింది. తప్పు అందరూ చెప్పేవాళ్లే, కానీ దాని తరఫున అడగడానికి సారా కాచుకునే అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. "ఈ మేకపిల్లని చూసి నేర్చుకోండ్రా" అని మాస్టారు దాన్ని బల్ల కిందికి తోశాడు.

మూడు నెలలు అదే దాని చోటు. మాస్టారు ఒక చప్పట కొడితే ఎలినెస్ దూరాలి, క్లాసంతా "అండర్ ది టేబుల్" అనాలి. రెండు కొడితే ఆయన మేనల్లుడు జైలోస్ బల్లెక్కాలి, "ఆన్ ది టేబుల్" అనాలి. పాఠం అయ్యేదాకా ఆయన బూటుకాళ్లు దాని వీపు మీదే. అది ఏడవలేదు. కింద కూర్చుని, పైన చెప్పే ప్రతి మాటా ఏరుకుని దాచుకుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన మెచ్చుకుంటే కచింగ్వె హెడ్మాస్టరే. అందుకోసం కొన్న కొత్త టోపీని ముచ్చటగా బల్ల పక్కన కుర్చీలో పెట్టి, ఒక చప్పట కొట్టాడు.

ఎలినెస్ బల్లెక్కి నిలబడింది.

"అండర్ ది టేబుల్" అని క్లాసంతా అరిచింది. పాపం, వాళ్లకి తెలిసింది చప్పట్ల లెక్కే. కంగారులో మాస్టారు రెండు కొట్టాడు. పైన చోటు లేక జైలోస్ కిందికి దూరాడు. "ఆన్ ది టేబుల్" అన్నారు పిల్లలు, ఇంకా గట్టిగా.

"దిగవే, నీ సంగతి తర్వాత చెప్తా" అని మాస్టారు పళ్లు నూరాడు.

ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఆగమని, నువ్వెక్కడున్నావమ్మా అని ఆ పిల్లని ఇంగ్లీషులో అడిగాడు. ఆ ఊళ్లో ఆడపిల్లలు పెద్దవాళ్లకి మోకరిల్లే జవాబివ్వాలి. ఎలినెస్ మోకాలు వంచలేదు. మాస్టారి కళ్లలోకి చూస్తూ ఇంగ్లీషులోనే చెప్పింది, ఒక్క చిన్న మాట కూడా తప్పు పోకుండా.

"బల్ల మీద ఉన్నాను సార్. మూడు నెలలు బల్ల కింద ఉన్నాను. అప్పుడు మాస్టారి బూట్లు నా వీపు మీద ఉండేవి."

నిజమేనా అని ఇన్‌స్పెక్టరు క్లాసుని అడిగాడు. పిల్లలు ఒక్కొక్కరే తలూపారు. బల్ల కింద నుంచి జైలోస్ కూడా తలూపాడు. ఇన్‌స్పెక్టరు చాలాసేపు రాసుకుని, దిగమ్మా అన్నాడు.

దిగడానికి రెండు వైపులా బోలెడు చోటుంది. ఎలినెస్ మాత్రం కుర్చీ వైపుకే వచ్చి, టోపీ మీద పాదం నిండా మోపి, నెమ్మదిగా దిగింది.