లబ్ధిదారు

"షెడ్డు గోడకుండే ఆ డబ్బా విప్పి ఇయ్యి శృతీ. రెండు దినాలే. కాలేజీలో హ్యాకథాన్ పోటీ ఉండాది" అన్నాడు భర్త పురుషోత్తమ్, రాగిముద్ద తుంచి పులుసుసారులో అద్దుతూ.

శృతి పొయ్యి ముందు అత్తమామల కోసం ఇంకో ముద్ద కెలుకుతోంది. చెయ్యి ఆపితే పిండి ఉండ కడుతుంది. వెనక్కి తిరగకుండానే, "పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి, జ్వరం నుంచి లేచి ఆకు మీద పడినాయి. ఇప్పుడు విప్పితే ఎట్ల?" అంది.

"డబ్బా లేనప్పుడు చూసుకోలేదా నువ్వు? అట్లనే చూసుకో."

చూసుకుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చూసుకుంది. బేతమంగళం దాటాక రోడ్డు పక్కనే వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక మల్బరీ తోట, తోట మొదట్లో పట్టుపురుగుల షెడ్డు. పురుగు పసిబిడ్డకన్నా సుకుమారం. వేడి ఎక్కువైతే ఆకు ముట్టదు, తేమ తగ్గితే వేసిన ఆకు వాడిపోతుంది, గాలి ఆడకపోతే జబ్బు. కాబట్టి రాత్రిళ్ళు ఎవరో ఒకరు లేచి వెళ్ళి చూడాలి, గోనెపట్టలు తడపాలి, కిటికీల పరదాలు ఎత్తాలి, దించాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఆ ఇంట్లో ఎన్నడూ చర్చకు రాలేదు. మామ శ్రీరామప్ప షెడ్డు అరుగు మీదే మంచం వేసుకుని పడుకుంటాడు. అయినా ఇంట్లో నుంచి ఆమే లేచి, ఆయన మంచాన్ని చుట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా లోపలికి పోవాలి. "మగోళ్ళకు నిద్ర చెడితే పొద్దున సేద్యం ఎట్ల సాగుతాది?" అనేది అత్త మునివెంకటమ్మ. పొద్దున శృతి చేతుల మీదుగా సాగేవి, పాలు పితకడం, డెయిరీలో పోసి రావడం, కూతురికి జడ వేసి బడికి పంపడం, ఇవేవీ సేద్యం కిందికి రావు.

ఆ డబ్బాను ఆమె ఏదో కనిపెట్టాలని చేయలేదు, నిద్ర కోసం చేసుకుంది. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివిన రోజుల నాటి చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ట్రంకు అడుగున చీరల కింద పడి ఉంటే తీసింది. వేడినీ తేమనూ కొలిచే ముక్కను బెంగళూరు నుంచి తెప్పించుకుంది. మూలపడ్డ ఒక పాత ఫోన్ను దానికి కలిపింది. స్క్రూడ్రైవర్ను పొయ్యిలో కాల్చి మురుకుల డబ్బాకు బెజ్జాలు పెట్టి, అన్నిటినీ అందులో కుదిర్చింది. ఎప్పుడు మోగాలో దానికి చెప్పే ప్రోగ్రాం మధ్యాహ్నాలు, గిన్నెలు కడిగాక, కూర్చుని రాసుకుంది. షెడ్డులో ఏదైనా తేడా వస్తే ఆమె ఫోన్ మోగుతుంది, మోగకపోతే పడుకోవచ్చు. అంతే. గోడకు తగిలించిన మొదటి రాత్రి అది ఒక్కసారి కూడా మోగలేదు. మోగిందేమోనని ఆమే పదేపదే లేచింది. నిద్రపోవడం మళ్ళీ నేర్చుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

"నేనూ లేచినాను ముప్పై ఏండ్లు. నాకెవురు కట్టిచ్చినారమ్మా డబ్బా?" అంది మునివెంకటమ్మ అప్పట్లో. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, ఏడుపు ఎంతో శృతికి అంతుబట్టలేదు. పురుషోత్తమ్ మాత్రం డబ్బాను వేలితో తట్టి నవ్వాడు. "ఆడోళ్ళు యూట్యూబులో చూపిస్తారే, సీసా మూతతో వెల్లుల్లి పొట్టు తీసేది, అట్లాంటి హ్యాక్ అన్నమాట!" అతను కేజీఎఫ్‌లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. సైబర్ భద్రత మీద చుట్టుపక్కల బళ్ళకు వెళ్ళి ఉపన్యాసాలు ఇస్తాడు. ఎవరికీ పాస్‌వర్డ్ చెప్పవద్దనీ, తెలియనివాళ్ళ చేతికి ఫోన్ ఇవ్వవద్దనీ పిల్లలకు నవ్వు వచ్చేలా చెబుతాడని పేరు.

పెళ్ళికి ముందు శృతి కూడా బెంగళూరులో ఉద్యోగం చేసింది. ఒకసారి ఇలాంటి హ్యాకథాన్‌లోనే ఆమె జట్టు గెలిచింది. "ట్రైన్లో పోయి వస్తాదిలే, కేజీఎఫ్ నుంచి వేలమంది పోతాండారు" అన్నారు సంబంధం మాట్లాడేటప్పుడు. తర్వాత "ఒక బిడ్డ పుట్టనీ" అన్నారు. తర్వాత "బిడ్డ బడికి పోనీ" అన్నారు. బిడ్డ బడికి పోయాక ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడే కాలేజీ స్నేహితురాలు రక్షిత ఫోన్ చేసింది. ఇంటికోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళను తమ కంపెనీలో మళ్ళీ తీసుకుంటున్నారనీ, సొంతంగా చేసిన పని ఏదైనా ఒకటి చూపిస్తే చాలనీ చెప్పింది. శృతి డబ్బాను వీడియో తీసి రక్షితకు పంపింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక చెబుదాం, రాకపోతే చెప్పాల్సిన పనే లేదు అనుకుంది.

ఇప్పుడు స్టూలెక్కి డబ్బా విప్పుతుంటే కింద నుంచి పురుషోత్తమ్ అన్నాడు: "రెండో దినం నువ్వూ రావాల. జడ్జిలకు మన ఊరి ముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో చేసే బస్సారు తినిపిస్తామని ప్రిన్సిపాల్‌కు మాటిచ్చినాను."

"అంతమందికి నేనొక్కదాన్నే వండాలా? మరి షెడ్డు?"

"నాయన ఉండాడు గదా. ఒక పూట చూసుకోడా?"

రెండో రోజు మధ్యాహ్నానికి ఆమె గిన్నెలతో సహా ఆటోలో కాలేజీకి చేరింది. వరండాలో నిలబడితే మూతబడ్డ చాంపియన్ రీఫ్స్ బంగారు గని మీది ఇనుప గోపురం, దాని వెనక బంగారం తీసేయగా మిగిలిన బూడిదరంగు సైనైడ్ మట్టి దిబ్బలు ఎండలో తెల్లబోయి కనిపించాయి. హాలు నిండా నల్లటి టీషర్టులు తొడుక్కున్న పిల్లలు, వైర్లు, ఖాళీ చిప్స్ పొట్లాలు. ఒకమ్మాయి ఎదురొచ్చి, "ఆంటీ, క్యాటరింగ్ వెనక గేట్లో" అంది. ఫలానా సారు భార్యనని శృతి చెప్పాక నొచ్చుకుని, తానే గిన్నె అందుకుంది. "హ్యాకింగంటే దొంగతనం అనుకునేరు ఆంటీ. ఉండే వస్తువునే విప్పి, దాంతో మనకు కావాల్సిన పని చేయించుకునేది" అని దారి పొడవునా వివరించింది. ఆ పిల్ల కళ్ళలోని ఉత్సాహం శృతికి బాగా తెలిసిందే. అందుకే అడ్డు చెప్పలేదు.

డబ్బా మొదటి బల్ల మీదే ఉంది. మురుకుల డబ్బా కాదు. మెరిసే నల్లటి పెట్టె. పక్క నుంచి తొంగిచూస్తే లోపల ఆమె బోర్డు, ఆమె అతికించిన వైర్లు, అన్నీ అట్లాగే ఉన్నాయి. పైన నిలువెత్తు బ్యానర్. 'పట్టుమిత్ర. రూపకల్పన: పురుషోత్తమ్, కంప్యూటర్ విభాగం.' కింద ఒక ఫోటో. మల్బరీ ఆకు తట్ట నడుముకు ఆనించుకుని, తల వంచుకుని ఉన్న ఆడమనిషి. ఎవరో పనిమనిషి అనుకుంది ముందు. చీర తనదని గుర్తుపట్టాక మొహం గుర్తుపట్టింది. అతను ఎప్పుడు తీశాడో తెలియదు. ఫోటో కింద రాసి ఉంది: 'లబ్ధిదారు: గ్రామీణ గృహిణి.'

పేరు కూడా లేదు. తన పేరు వేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమోనని ఒక క్షణం అనిపించింది, అలా అనిపించినందుకే సిగ్గేసింది. ఎంత కొంచెంతో సర్దుకోవడం అలవాటైపోయింది తనకు! తాను చేసుకున్న వస్తువును తనకే ఎవరో దయతలచి ఇచ్చినట్టు, తాను చేతులు చాపి పుచ్చుకున్నట్టు అక్కడ అచ్చేసి పెట్టారు. ఆ నిద్ర కూడా అతనిచ్చిన భిక్షే అయింది. ఏడేళ్ళుగా వండిన ముద్దలు, కట్టిన సద్ది, ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తే ఇప్పుడు బ్యానర్ పక్కన అతను వేసుకుని నిలబడిన ఆ చొక్కా, వీటన్నిటికీ ఆమె లబ్ధిదారే కాబోలు. ఇంట్లో ఉంచుకున్నారు కదా, తిండి పెడుతున్నారు కదా!

భోజనాలయ్యాక ఆమెను వేదిక మీదికి పిలిచారు. బెంగళూరు నుంచి వచ్చిన జడ్జి, నెరిసిన జుట్టు కత్తిరించుకున్న ఒకావిడ, ఆప్యాయంగానే అడిగింది: "ఇది వచ్చినాక మీకేం లాభం కలిగిందమ్మా?"

పురుషోత్తమ్ పక్కనే ఉన్నాడు. బడి వార్షికోత్సవంలో పద్యం మరిచిపోయిన పిల్లకు తండ్రి సైగ చేసినట్టు, నవ్వుతూ తల ఊపాడు. ముందు వరసలో ప్రిన్సిపాల్. చేసింది నేనే అన్న రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి. వాటి వెనకే మిగతావన్నీ వచ్చాయి. రేపు ఇతని ఉద్యోగం, ఇంటికి పోయాక అత్త మొహం, "నలుగురిలో మొగుడి పరువు తీసినాది" అని రోడ్డు దాకా వినిపించే గొంతులు, పక్కగదిలో నిద్ర లేచి కూర్చునే కూతురు.

"నిద్రపోతాండాను" అంది.

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఎంత చక్కగా చెప్పారు అంది జడ్జి. మొదటి బహుమతి పట్టుమిత్రకే వచ్చింది.

తిరుగుదారిలో బైకు మీద ఖాళీ గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పురుషోత్తమ్ మంచి హుషారులో ఉన్నాడు. "కాలేజీ పేరున పేటెంటుకు వేస్తాండాము. ఆ రక్షితకు ఇంగ నీ వీడియో సంగతి మర్చిపొమ్మను. రెండుచోట్ల కనపడితే నా మొఖం ఏమైతాది?"

"రక్షిత సంగతి మీకెవురు చెప్పినారు?"

"నీ మెసేజులన్నీ నా ల్యాప్‌టాప్‌లో కనపడతాయి. ఫోన్ రిపేరు చేసిస్తినే, అప్పటి నుంచి. దానికేం? మొగుడూ పెండ్లాల మధ్య దాపరికమేంది?"

అమ్మతో చెప్పుకున్నవి, రక్షితతో నవ్వుకున్నవి, అత్త గురించి విసుక్కున్నవి, నెలసరి నొప్పి గురించి అడిగినవి, అన్నీ ఇతను సాయంకాలం కాఫీ తాగుతూ చదివాడు. చదివి ఏమీ ఎరగనట్టు ముద్ద పెట్టమన్నాడు. ఇంకో సంగతి అప్పుడు స్పష్టంగా తెలిసింది. రక్షితకు ఆమె వీడియో పంపిన మర్నాడే అతను డబ్బా అడిగాడు. కాలేజీకి డబ్బా కావాల్సి రాలేదు. ఆమె దగ్గర డబ్బా లేకుండా పోవడం కావాల్సి వచ్చింది.

ఇంటికి చేరేసరికి షెడ్డు వాకిట్లో మునివెంకటమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నం శ్రీరామప్ప భోంచేసి, పరదాలన్నీ దించినవి దించినట్టే వదిలి, డెయిరీ మీటింగుకు వెళ్ళాడు. రేకుల కింద షెడ్డు పెనంలా కాగింది. ఇంకో నాలుగైదు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు ఆకు మీద తలలు వాల్చేసి, నల్లబడి, నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు మంచి చీర కట్టుకుని తిరగను పోతివి, ఈడ ఇల్లు మునిగిపాయ!" అని అరిచింది అత్త.

మామను ఎవరూ ఏమీ అనలేదు. పురుషోత్తమ్ లోపలికి తొంగిచూసి, ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు. "పోయేటప్పుడు నాయనకు గట్టిగా చెప్పి రావాల్సింది గదా శృతీ" అన్నాడు.

చచ్చిన పురుగులను తట్టలకెత్తి గుంతలో పోసింది ఆడవాళ్ళిద్దరే. సున్నం చల్లుతూ, ఎప్పుడో గొంతు తగ్గిన మునివెంకటమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "ఆయప్ప, మీ మామ, లేచి చూస్తాడని నేను ఎన్నడూ నమ్మినదాన్ని కాదు. నువ్వెట్ల నమ్మినావో."

మర్నాడు పురుషోత్తమ్ కాలేజీకి పోగానే శృతి ఫోన్ తీసి, ఇతర పరికరాలన్నిటిలో నుంచి తన ఖాతాను బయటికి తెచ్చింది, పాస్‌వర్డ్ మార్చింది. ఆ తర్వాతే రక్షితకు ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పింది. వీడియో, ప్రోగ్రాం, ఏ రోజు ఏది రాసిందో చూపే ఫైళ్ళు, అన్నీ ఉన్నాయి. రక్షిత మండిపడింది. "ఆ కాలేజీకి నేనే రాస్తా. పోట్లాడవా నువ్వు?" "పోట్లాడతాను. ముందు నాకొక చోటు కావాల" అంది శృతి. డాబా మీద మిరపకాయలు ఎండబోసిన గుడ్డ పక్కన కూర్చుని ఇంటర్వ్యూలో మాట్లాడింది. నెల తిరగకుండా చేరమన్న కబురు వచ్చింది.

మెసేజులు కనపడకుండా పోయిన రోజు సాయంత్రమే పురుషోత్తమ్ అడిగాడు. "లాక్ మార్చినావా?"

"మార్చినాను. పిల్లలకు మీరే చెప్తారు గదా, మారుస్తా ఉండాలని."

అప్పటి నుంచి అతను మాటలు తగ్గించాడు. అతని మౌనానికి భయపడేది ఇదివరకు. ఇప్పుడు ఇంట్లో ఒక చప్పుడు తగ్గినట్టు మాత్రమే ఉంది.

కొత్త పురుగులు వచ్చిన ఆదివారం సాయంకాలం అతను నల్లపెట్టెను సంచిలో నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. "మళ్ళా బిగించు. ఈసారి పంట పోతే కష్టం." శృతి స్టూలెక్కి దాన్ని గోడకు తగిలించింది. ల్యాప్‌టాప్‌కు కలిపి ఏదో మార్చింది. మునివెంకటమ్మ ఆకు తరుగుతూ చూస్తోంది. పురుషోత్తమ్ కాఫీ లోటాతో గడపలో నిలబడ్డాడు.

"పని చేస్తాండాదా? ఏదీ, మోగించు చూస్తాము."

ఆమె అతని చేతిలోని లోటా అందుకుని పెట్టె కింద పట్టుకుంది. ఆవిరి పైకి లేచింది. కాసేపటికి అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది.

అతను తీసి చూశాడు. "ఇదేంది, నాకు వస్తాంది?"

"మీ నంబరు పెట్టినాను."

"నీకేమన్నా మతి పోయిందా? రాత్రంతా లేస్తా ఉంటే పొద్దున్నే నాకు కాలేజీ ఉండాది శృతీ!"

శృతి లోటా అతనికి తిరిగి ఇచ్చి స్టూలు దిగింది.

"రేపటి నుంచి నాకు ట్రైను ఉండాది" అంది.